గిన్నెలక్క ఎనభై లెక్క

మా ఆడపడుచును నాటకాలవాళ్లంతా గిన్నెలక్క అంటారు. నాకంటే ఆరేళ్లు చిన్నది. నేను కాపురానికి వచ్చేనాటికి పదిహేడేళ్ల పిల్ల. వీధి చివర గిన్నెల కొట్టులో పని చేసేది. నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామానంతా నేల మీద వరసగా పేర్చి, వేలి కణుపుతో ఒక్కొక్కదాన్నే తట్టి చూసింది. ఒక గిన్నె దగ్గర ఆగింది.

"వదినా, ఇది నీకెవరో అంటగట్టారు. లోపల పగులుంది."

అటూ ఇటూ తిప్పి చూశాను. గీత కూడా లేదు. "నేనొచ్చి రెండ్రోజులు కాలేదు, అప్పుడే నా సామానుకు వంకలా?" అన్నాను. నెల తిరక్కుండా ఆ గిన్నె అడుగు నుంచి నీళ్లు కారాయి. ఆ తర్వాత ఆ పిల్ల చెవి చెప్పిన మాటను నేనెప్పుడూ కాదనలేదు.

కొట్టులో తన పనే అది. వచ్చిన కట్టలు విప్పి, తట్టి, మంచివి ఒక పక్క, పగిలినవి ఒక పక్క పెట్టాలి. యజమాని కళ్లజోడు పెట్టుకుని గుమ్మంలోకి వెళ్లి వెలుతురులో వెతికేవాడు. ఈవిడగారు గోడవైపు తిరిగి కూచుని తట్టేది. ఇద్దరికీ పందెం పెడితే ఎప్పుడూ ఆయనే ఓడిపోయేవాడట.

ఒకనాడు ఆ కొట్టుకు నాటకాలాయన ఒకడు వచ్చాడు. ఏదో ఆటలో వాన చప్పుడు కావాలి, అందుకు ఏడు మూతలు కావాలన్నాడు. తను ఏరి ఇచ్చింది. మర్నాడు ఆ మూతలన్నీ పట్టుకుని మళ్లీ వచ్చాడు.

"నీ దగ్గర మోగినట్టు మా దగ్గర మోగడం లేదమ్మాయ్."

"మీరు కొడుతున్నారేమో. కొడితే అరుస్తాయి. మెల్లిగా అడగాలి."

ఆయన ఆ మాట విని అక్కడే స్టూలు మీద కూలబడ్డాడట. మరుసటి వారం నుంచి తను సాయంత్రాలు నాటకాల హాలుకు వెళ్లడం మొదలుపెట్టింది. ఆ ఏడాది చివరికి కొట్టు మానేసింది. "తోమమంటే ఒక్క వేలు రాదు గానీ, వాయించమంటే పదివేళ్లూ లేచొస్తాయి" అని మా అత్తగారు పోయేదాకా దెప్పుతూనే ఉండేది.

తన వాయిద్యాలు ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం. రెండు డోళ్లు ఉన్నాయి, అవి అందరికీ తెలిసినవే. మిగతావి మూతలు, సీసాలు, చెక్కపలకలు, ఎండిన కాయలు, మంచం స్ప్రింగులు, ఇసుక పోసిన డబ్బా, నీళ్ల తొట్టి. అన్నిటికీ వెనక చట్రానికి వేలాడే కంచు పళ్లెం, మనిషి చేతులు చాస్తే ఎంతో అంత వెడల్పు. ఇవన్నీ స్టేజీ మీద ఒక మూల గుండ్రంగా పేర్చుకుని మధ్యలో నిలబడుతుంది. అక్కడ జరిగేది ఒట్టి నాటకం కూడా కాదు. ఒకరు మాట్లాడతారు, ఒకరు నాట్యం చేస్తారు, వెనక తెర మీద బొమ్మలు కదులుతాయి. వాటన్నిటికీ తలుపు చప్పుడూ, గాలీ, గుండె కొట్టుకోవడమూ ఈమె చేతుల్లోంచే రావాలి. పాటలో డోలు వాయించేవాళ్లకు పాట తోడుంటుంది, తనకు ఏమీ ఉండదు. ఎవరైనా చెయ్యి ఎత్తితే దానికి ఎలాంటి చప్పుడు ఉంటుందో తనే కనిపెట్టాలి.

పెళ్లి మాట ఎత్తితే, "నా సామాను మోసేవాణ్ని చూడండి, చేసుకుంటా" అనేది. సామానేమో మా ఆయన మోసేవారు. దాంతో ఆ సంబంధాల సంగతి అక్కడే ఆగిపోయింది.

మావారు లిఫ్టులు బాగుచేసే పని చేసేవారు. మధ్యాహ్నం డ్యూటీ దిగగానే చెల్లెలి సామాను వ్యానులో ఎక్కించుకుని హాలుకు వెళ్లేవారు. తాళం అనేది ఆయన ఒంట్లోనే లేదు. హాల్లో అందరూ చప్పట్లు కొట్టి ఆపేశాక ఆయన చప్పట్లు మొదలయ్యేవి. అలాంటి మనిషిని మా ఆడపడుచు తన లెక్కకు కాపలా పెట్టుకుంది.

ఆ లెక్క సంగతి చెప్పాలి. వాళ్లు పదకొండేళ్లుగా ఆడుతున్న ఆట ఒకటుంది. ఒకావిడ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోవడం, అంతే కథ. దాని చివర నాట్యం చేసే అమ్మాయి ఒక కుర్చీని తల మీద పెట్టుకుని స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తుంది. మాట లేదు, పాట లేదు. గిన్నెలక్క కూడా చేతులు కట్టుకుని నిలబడాలి. లోపల మాత్రం ఎనిమిది చొప్పున పదిసార్లు, మొత్తం ఎనభై లెక్కపెట్టాలి. ఒక్కో లెక్క ఒక్కో ఊపిరంత, అన్నీ కలిపి నాలుగు నిమిషాలు. ఎనభయికి ఆ అమ్మాయి కుర్చీ దించి కూచుంటుంది. అప్పుడు కంచు పళ్లెం మీద ఒకే ఒక్క దెబ్బ. దెబ్బతోపాటు లైట్లు ఆరిపోతాయి.

"వాయించడం ఎవరైనా నేర్చుకుంటారు వదినా. వాయించకుండా నిలబడ్డమే చావు. ఆ పళ్లెం నిద్రలో ఉంటుంది. ఊరికే కొడితే ఉలిక్కిపడి గరగరమంటుంది. డెబ్బై దాటాక ఎవరికీ వినపడకుండా వేళ్లతో తడుముతూ లేపాలి. లేపుతూ లెక్క తప్పకూడదు."

అందుకని అన్నగారు తెర పక్కన, తనకు కనపడేటట్టు కూచునేవారు. ఎనిమిది పూర్తయినప్పుడల్లా ఒక వేలు మడిచేవారు. పది వేళ్లూ మడిస్తే పిడికిళ్లు. పిడికిళ్లు చూసి తను కొట్టేది. ఊళ్లు తిరిగి ఎన్ని ఆటలు ఆడినా ఒక్కసారి తప్పలేదు. అంతా అన్నయ్య చలవే అని తను అందరికీ చెప్పుకునేది.

ఒకసారి నేను ఆయన్ని అడిగాను. "మీ చెల్లెలి లెక్కంతా మీ వేళ్ల మీదే ఉందట కదా?"

ఆయన చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ పకపకా నవ్వారు. "నాకు లెక్కెక్కడొచ్చే! నంబరు వెలిగితే తప్ప ఏ అంతస్తులో ఉన్నానో నాకే తెలీదు. దాని మొహం చూస్తా. ఎనిమిదికి వచ్చేసరికి కిందిపెదవి కొరుక్కుంటుంది. అప్పుడు వేలు మడుస్తా."

"అయ్యో, ఆ సంగతి దానికి చెప్పలేదా?"

"చెబితే ఇంకేముంది? దానికి ధైర్యం కావాలి, నాకు దగ్గర్నుంచి ఆట చూడ్డం కావాలి. ఇద్దరికీ గిట్టుబాటే. నువ్వు నోరు జారకు సుమా."

నేను నోరు జారే రకం కాదు. ఆ మాట నా దగ్గరే ఉండిపోయింది.

ఆయన పోయి పది నెలలైంది. పొద్దున పనికి వెళ్లారు, మధ్యాహ్నం ఫోను వచ్చింది. మాకు పిల్లలు లేరు. ఇంట్లో మేమిద్దరం ఆడవాళ్లం మిగిలాం. ఒకరి గదిలోంచి ఒకరికి వినపడకుండా ఏడవడం ఇద్దరికీ బాగానే వచ్చింది.

మూడు నెలలకు తను మళ్లీ ఆటకు వెళ్లింది. ఆ రోజు డెబ్బై రెండుకే కొట్టేసింది. నాట్యం అమ్మాయి ఇంకా దారిలోనే ఉంది, కుర్చీ తల మీద ఉంది. దెబ్బ పడగానే అలవాటు ప్రకారం లైట్లాయన లైట్లు ఆర్పేశాడు. చీకట్లో కుర్చీ ధడాలున పడింది. చూసేవాళ్లు అదేదో గొప్ప ముగింపు అనుకుని లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారట. నాట్యం అమ్మాయి మాత్రం పాదం వాచి నాలుగు రోజులు మంచం దిగలేదు. తర్వాతి ఆటలో ఇంకో తప్పు. ఆ భయంతో ఎనభై దాటిపోయినా కొట్టలేదు. ఆ పిల్ల కుర్చీలో కూచుని, నడుం నిలబెట్టి, ఎంతసేపని చూస్తుంది? ఎవరో దగ్గారు, ఎవరో నవ్వారు.

నాటకాలాయన ఇంటికి వచ్చాడు. గిన్నెల కొట్టుకు వచ్చిన ఆయనే. ఇప్పుడు తలంతా నెరిసిపోయింది. టీ గ్లాసు చేత్తో పట్టుకుని చాలాసేపు తిప్పాడు.

"అమ్మాయ్, మిగతావన్నీ నువ్వే వాయించు. ఆ చివరి దెబ్బ ఒక్కటీ రికార్డు చేసి పెట్టేద్దాం. నాలుగు నిమిషాలకు అదే మోగుతుంది. నీకూ బరువు తగ్గుతుంది."

"ఆ ఒక్కటీ నాది కాకపోతే మిగతావి ఎవరివైనా ఒకటే మాస్టారూ. అన్నీ రికార్డులోనే పెట్టుకోండి."

"కోపం తెచ్చుకోకు. ఆ పిల్ల కాలు విరిగి ఉంటే?"

చివరికి గురువారం మధ్యాహ్నం ఒక్కసారి చేసి చూద్దామని, కుదిరితే సరే, లేకపోతే స్పీకరే అని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. మధ్యలో ఆరు రోజులు. ఆయన వెళ్లాక తను గ్లాసులు తీసి కడిగింది. గ్లాసును తట్టి చూడలేదు. ముప్పై ఏళ్లలో తను గ్లాసు పట్టుకుని తట్టకుండా పెట్టడం అదే మొదటిసారి చూశాను.

"అన్నయ్య లేకపోతే నాకు లెక్క రాదు వదినా. నాకు ఎప్పుడూ రాలేదు. వాడే చేశాడు అంతా."

నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన వద్దన్న మాట. పోయిన మనిషి దగ్గర్నుంచి ఆ ఒక్క గొప్ప కూడా లాక్కోవడమేమో అనిపించింది. కానీ గురువారం మీద పడుతోంది. చెప్పేశాను. పెదవి కొరుక్కోవడం, వేలు మడవడం, గిట్టుబాటు, అన్నీ చెప్పాను.

తను నవ్వుతుందనుకున్నాను. మొహం ఎర్రబడింది.

"అంటే పదకొండేళ్లు నన్ను వెర్రిదాన్ని చేసి ఆడించారా మొగుడూ పెళ్లాం కలిసి?"

"లెక్క నువ్వే పెట్టావని చెబుతున్నానే! అంతా నువ్వే."

"నేనే అయితే ఇప్పుడెందుకు రావడం లేదు? నువ్వే చెప్పు, తెలివైనదానివి కదా!"

తలుపు వేసుకుంది. మర్నాడు చూస్తే నేను చెప్పడం వల్ల ఇంకా చెడిపోయింది. లెక్క మొదలుపెట్టగానే పెదవి మీదికి ధ్యాస పోతోందట. కొరుక్కోకూడదని బిగబట్టుకుంటే ఐదు తర్వాత ఏమిటో మర్చిపోతోందట. "నడిచేవాడికి ఏ కాలు ముందు పడుతోందో చెప్పినట్టు చేశావు" అని నా మీద విసుక్కుంది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది.

మూడో రోజు పొద్దున వంటింట్లోకి వచ్చింది. నా మూత ఒకటి తీసి కిటికీ ఊచకు తాడుతో కట్టింది. గరిటెకు ఉన్నిగుడ్డ చుట్టింది.

"వదినా, నేను లెక్కపెడుతుంటా. నువ్వు మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"ఏదైనా. నన్ను చెడగొట్టు. నీ మాటలకు చెడకపోతే ఇంక దేనికీ చెడను."

"నేనా? పక్కింటావిడ పలకరిస్తేనే తలూపి ఊరుకునే మనిషిని."

"అందుకే. నువ్వు మాట్లాడితే వినకుండా ఉండడం కష్టం."

గోడ గడియారం చూసుకుని మొదలుపెట్టాం. పాలు పలచగా వస్తున్నాయన్నాను. ఉల్లిపాయలు మొలకలెత్తాయన్నాను. పై ఇంటివాళ్లు బట్టలు పిండకుండానే ఆరేస్తున్నారన్నాను. నిమిషం తిరక్కుండా నా దగ్గర మాటలు అయిపోయాయి. చేతికి దొరికిన సబ్బుపొడి పొట్లం తీసుకుని దాని మీద రాసిందంతా కూడబలుక్కుని చదివాను. "రంగు బట్టలు విడిగా నానబెట్టవలెను" అనేసరికి తను ఫక్కున నవ్వింది. లెక్క పోయింది. ఇల్లంతా అలికిడి లేకుండా పడి ఉన్న ఆ నెలల్లో మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదటిసారి.

ఆ రోజంతా అలాగే చేశాం. ఒకసారి కుక్కరు కూత వేసి చెడగొట్టింది, ఒకసారి కూత వేసినా చెడలేదు. మంగళవారానికి పాలూ ఉల్లిపాయలూ నేనెంత చెప్పినా తనకు పట్టడం మానేశాయి. "ఇవి కుదరవు వదినా. ఇంకా గట్టివి చెప్పు" అంది.

గట్టిది నా దగ్గర ఒకటే ఉంది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. చెప్పాలనీ అనుకోలేదు. తను కిటికీవైపు తిరిగి లెక్క మొదలుపెట్టాక, నేను కత్తిపీట పక్కకు పెట్టి ఆ వీపుతో చెప్పాను.

"ఆ రోజు పొద్దున నేను మీ అన్నయ్యతో మాట్లాడలేదు. ముందురోజు నీ పళ్లానికి చుట్టడానికి నా కొత్త దుప్పటి పట్టుకెళ్లి మరకలు చేసుకొచ్చారు. దానికి నేను మొహం గంటుపెట్టుకున్నాను. 'ఏమే, ఉతికిస్తాలే' అన్నారు. నేను పలకలేదు. గుమ్మంలో చెప్పులు వేసుకుని 'వెళ్లొస్తా' అన్నారు. వినపడనట్టు కుళాయి తిప్పి గిన్నె తోముతున్నాను. నీళ్ల చప్పుడులోంచి ఇంకోసారి అన్నారు. అప్పుడైనా తిరిగి చూడాల్సింది. ఆ చప్పుడు కొంచెం తగ్గించినా సరిపోయేది. సాయంత్రం వచ్చాక మాట్లాడదాంలే, ఇప్పుడే ఏం తొందర అనుకున్నాను. దుప్పటి ఇంకా అలాగే ఉంది. ఉతకలేదు."

తను తిరగలేదు. భుజాలు ఒకసారి కదిలాయి. మళ్లీ ఆగాయి. కుడిచేతి వేళ్లు మూత అంచు మీద మెల్లిగా ఆడడం కనిపించింది. గడియారంలో నాలుగు నిమిషాలు నిండుతుండగా గరిటె లేచింది. మూత మోగింది. నా సామానులో అంత మంచి మోత ఉందని నాకు తెలియదు. అది పూర్తిగా ఆగేదాకా తను అలాగే నిలబడి, అప్పుడు వచ్చి నా పక్కన నేల మీద కూచుంది. మొహమంతా తడిసిపోయి ఉంది.

"ఇన్నాళ్లూ ఇది ఒక్కదానివే పెట్టుకున్నావా?"

"నీకు లెక్క తప్పుతుందని చెప్పాను."

"తప్పలేదు. ప్రతి మాటా విన్నాను, అయినా తప్పలేదు." కొంగుతో మొహం తుడుచుకుని అంది. "వాడు ఆ రోజంతా దాని గురించే ఆలోచించి ఉండడు వదినా. నాకు తెలుసు. వాడికి నీ అలకంటే సరదా. హాలుకొచ్చి చెప్పుకునేవాడు, మా ఆవిడ ఇవాళ అలిగింది, ఇంటికెళ్లి బతిమాలుకోవాలి అని."

అది నిజమో, నా కోసం అల్లిందో నేను అడగలేదు.

గురువారం తనతోపాటు నేనూ హాలుకు వెళ్లాను. పట్టపగలు ఆ హాలు ఖాళీ గోదాములా ఉంది. తెర పక్కన ఒక మడత కుర్చీ వేశారు. ముందే చెప్పింది నాకు, వేళ్లు కదపొద్దని. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూచున్నాను. కంచు పళ్లెం పక్కనే నల్ల స్పీకరు పెట్టె. సౌండాయన చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని కూచున్నాడు. నాటకాలాయన ఏర్పాటు ఏమిటంటే, రికార్డు సౌండాయన చెవుల్లో మాత్రమే నడుస్తుంది. అందులో దెబ్బ మోగగానే ఆయన చెయ్యి ఎత్తాలి. గిన్నెలక్క దెబ్బ ఆ చేతితో కలుస్తుందో లేదో చూస్తారు.

నాట్యం అమ్మాయి కుర్చీ తల మీదికి ఎత్తుకుంది. నడక మొదలైంది. గిన్నెలక్క అప్పటికే చేతులు కట్టుకుని నిలబడింది. నేను ఎక్కడ చూడాలో తెలియక పెదవి చూశాను. కొరుక్కుంటోంది. మళ్లీ కొరుక్కుంది. మావారు పదకొండేళ్లు చూసింది ఇదన్నమాట. ఆయన కూచున్న చోటు నుంచి అన్నిటికంటే దగ్గరగా కనపడేది చెల్లెలి మొహమే.

ఎనిమిదోసారి దాటాక, వెనక బొమ్మలు పడే తెర అంచులో కుర్చీ కాలు చిక్కుకుంది. నాట్యం అమ్మాయి ఆగింది. కంగారుపడకుండా ఒక అడుగు వెనక్కి వేసి, విడిపించుకుని మళ్లీ నడిచింది. గిన్నెలక్క వేళ్లు అప్పటికే పళ్లెం మీద తిరుగుతున్నాయి. తొమ్మిది అయింది. పదోసారి పెదవి కొరుక్కుంది. ఉన్ని చుట్టిన కొడుపుకర్ర పైకి లేచింది.

సౌండాయన చెయ్యి ఎత్తాడు.

దెబ్బ పడలేదు. నాటకాలాయన కుర్చీలో ముందుకు వంగాడు. తను కొడుపు గాల్లోనే పట్టుకుని, ఎడమచేతి వేళ్లతో పళ్లాన్ని నిమురుతూ నిలబడి ఉంది. చూపు నాట్యం అమ్మాయి మీద ఉంది. ఆ పిల్ల రెండడుగులు వేసింది. కుర్చీ దించింది. కూచుంది. వీపు కుర్చీకి ఆనుతుండగా పళ్లెం మోగింది. నా కింద చెక్కలన్నీ వణికాయి. లైట్లు ఆరాయి.

లైట్లు వెలిగాక నాటకాలాయన సౌండాయన వైపు తిరిగాడు. "నీది మోగేటప్పటికి ఆ పిల్ల ఎక్కడుంది?"

"ఇంకా రెండడుగుల దూరంలో ఉంది మాస్టారూ. కుర్చీ నెత్తి మీదే ఉంది."

"అమ్మాయ్, నువ్వు ఎన్ని లెక్కపెట్టావు?"

"ఎనభై మూడు."

"ఎనభై కదా ఉండాల్సింది."

"ఎనభయికి కుర్చీ ఆవిడ నెత్తి మీద ఉంది మాస్టారూ. నెత్తి మీద కుర్చీలో ఎవరు కూచుంటారు?"

నాట్యం అమ్మాయి కూచున్న చోటే పగలబడి నవ్వింది. "మళ్లీ నా కాలు విరగ్గొట్టకుండా చూసుకుంది, చాలు" అంది. నాటకాలాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. సరే అని గానీ, బాగుంది అని గానీ అనలేదు. "పదండి, మొదటి నుంచి చేద్దాం" అన్నాడు.

సౌండాయన హెడ్‌ఫోను మెడకు వేసుకుని లేచాడు. తను ఇసుక డబ్బా దగ్గరికి జరుపుకుంటూ ఆయన్ని పిలిచింది.

"అన్నా, ఆ స్పీకరు పెట్టె తీసెయ్యవా? మోచెయ్యి తిరగడానికి చోటు లేదు."

ఆయన నాటకాలాయన వైపు ఒకసారి చూశాడు. ఆయన అప్పటికే లైట్లాయనతో మాట్లాడుతున్నాడు. సౌండాయన వంగి, వైరు పీకి, మోచేతికి చుట్టుకుంటూ పెట్టెను మెట్ల మీదుగా కిందికి దించాడు.